ఆ మాత్ర ఆపమనే మెసేజ్ ఇంకెవరికీ పంపకండి

ఈ నెలలో నాలుగోసారి వచ్చింది, ఈసారి పంపింది మా బాబాయి. "రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక ఇచ్చే హార్మోన్ మాత్రలు క్యాన్సర్ కణాలను ఒళ్లంతా పాకిస్తాయి, మానేయండి" అని మొదలై సూది పరీక్ష వద్దు, సోయా వద్దు, నల్ల బ్రా వద్దు అనేదాకా వెళ్తుంది.

నల్ల బ్రాకీ క్యాన్సర్‌కీ సంబంధం లేదు. షాంఘైలో ఈ జబ్బు వచ్చిన ఐదు వేల మందికి పైగా ఆడవాళ్లను గమనించి 2009లో బయటపెట్టిన అధ్యయనంలో, సోయా ఎక్కువ తిన్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం తక్కువగానే ఉంది, కాబట్టి మీల్ మేకర్ కూర వండుకోండి. సూదితో ముక్క తీయకపోతే గడ్డ ఏ రకమో ఎలా తెలుస్తుంది, ఏ మందు ఇవ్వాలో ఎలా తెలుస్తుంది?

నాకు కోపం వచ్చేది మాత్ర దగ్గరే. మెసేజ్‌లో సగం నిజం ఉంది: ఈస్ట్రోజన్ రిసెప్టర్ (ఈస్ట్రోజన్ హార్మోన్ వచ్చి కూర్చునే చోటు) ఉన్న క్యాన్సర్ కణాలు ఆ హార్మోన్ తగిలితే పెరగడమే కాదు, కదులుతాయి కూడా. ల్యాబ్‌లో చూస్తే నిమిషాల్లోనే కణం లోపల దానికి ఆకారాన్నిచ్చే ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగులు అంచుకు చేరి, కణం కాళ్లు చాపినట్టు ముందుకు జరుగుతుంది. అందుకే కదా మెసేజ్ మానేయమంటున్న ఆ మాత్రల్లో ఒకటైన టామాక్సిఫెన్ ఇచ్చేది! అది ఈస్ట్రోజన్ కాదు, రొమ్ము కణంలో ఈస్ట్రోజన్ కూర్చునే చోట తను కూర్చుని దాన్ని రానివ్వదు. ఇంకో మాత్ర లెట్రోజోల్ అయితే నెలసరి ఆగిపోయినవాళ్లలో ఈస్ట్రోజన్ తయారీనే తగ్గిస్తుంది. మెనోపాజ్‌లో వేడి ఆవిర్లకు ఇచ్చే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ మాత్రలు వేరు. వాటితో రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని 2002లో అమెరికాలో తేలిన మాట నిజమే. పేరులో హార్మోన్ ఉందని రెండింటినీ కలిపేసి, ఆపే మందునే ఆపమంటే ఎలా? రిసెప్టర్ ఉన్న రకంలో టామాక్సిఫెన్ ఐదేళ్లు వాడితే, పదిహేనేళ్లలో ఈ జబ్బుతో చనిపోయే ముప్పు దాదాపు మూడో వంతు తగ్గుతుంది.

ఒకటి ఒప్పుకోవాలి. టామాక్సిఫెన్‌తో గర్భాశయ క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం లాంటి ముప్పులు కొంత పెరుగుతాయి, ముఖ్యంగా నెలసరి ఆగినవాళ్లలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1996లో దీన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో కూడా పెట్టింది, రెండో రొమ్ముకు క్యాన్సర్ రాకుండా కాపాడుతుందనీ అప్పుడే చెప్పింది. నెలసరి ఆగాక రక్తం కనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పండి. మాత్ర పడకపోతే మార్చే వీలుంటుంది. సొంతంగా మాత్రం ఆపకండి.

ఇదే మెసేజ్ చదివి మా అత్తయ్య రెండు నెలలు మాత్ర వేసుకోలేదు, ఎవరికీ చెప్పలేదు కూడా. మొన్న అలమారాలో నిండు స్ట్రిప్పులు చూసి అడిగితే ఏడ్చేసింది. బాబాయి మళ్లీ అది పంపిన గ్రూపులో అత్తయ్య కూడా ఉంది.