కనిపించే గొట్టానికే శిక్షా?

మోత పెట్టే సైలెన్సర్లను నడిరోడ్డు మీద వరుసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించడం మన నగరాల్లో పోలీసులకు అలవాటే. తొక్కించాల్సిందే. కానీ చప్పుడు చేయని నేరం సంగతేమిటి? కారు కింద ఇంజిన్‌కూ సైలెన్సర్‌కూ మధ్య ఉండాల్సిన క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పీకేసి, ఆ ఖాళీలో ఉత్త పైపు వెల్డింగ్ చేసి పంపే షెడ్ల జోలికి ఎవరైనా వెళ్లారా?

సైలెన్సర్ పని చప్పుడు తగ్గించడం వరకే. విషాన్ని విరిచేది కన్వర్టర్. ఆ స్టీలు డబ్బాలో తేనెపట్టులా సన్నని రంధ్రాలున్న పింగాణీ దిమ్మ, దాని మీద ప్లాటినం, పల్లేడియం, రోడియం అనే ఖరీదైన లోహాల పూత ఉంటాయి. వేడెక్కిన దిమ్మను ఒరుసుకుంటూ పొగ వెళ్లేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ కాస్తా కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు విడిపోయి మామూలు నైట్రోజన్ మిగులుతుంది. దిమ్మ తీసేస్తే విషం విషంగానే బయటికొస్తుంది. మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. సిగ్నల్ దగ్గర దాన్నే పీలుస్తూ నిలబడ్డ కానిస్టేబుల్‌కూ తెలియదు.

దీన్ని పట్టుకోవాల్సింది పొల్యూషన్ పరీక్ష. ఆ పరీక్షలో నైట్రోజన్ ఆక్సైడ్ల లెక్కే లేదు. కన్వర్టర్ ఉందో లేదో వంగి చూసేవారూ లేరు. గొట్టంలో పొగను కొలిచే ప్రోబ్ పెట్టకుండానే నంబరు ప్లేటు ఫొటో తీసి కాగితం చేతిలో పెట్టే సెంటర్లు ఎన్నో వాహనదారులందరికీ తెలుసు. ఢిల్లీలో పరిమితి మించి కాలుష్యం వదులుతున్న లక్షకు పైగా వాహనాలకు సర్టిఫికెట్లు ఇచ్చేశారని 2025లో అక్కడి అసెంబ్లీ ముందుకొచ్చిన, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికే బయటపెట్టింది. కాగితం లేకపోతే చట్ట ప్రకారం రూ.10,000 దాకా జరిమానా. కన్వర్టరే లేకపోతే అడిగే దిక్కు లేదు. ఇంతకన్నా ద్వంద్వనీతి ఉంటుందా?

కొత్త కన్వర్టర్ ఖరీదు భరించలేమని ఓనర్లు, సిబ్బంది చాలరని అధికారులు అంటారు. ఖర్చు నిజమే, కానీ దాన్ని పక్కవాడి ఊపిరితిత్తుల మీదికి నెట్టే హక్కు ఎవరిచ్చారు? ఇక సిబ్బంది మాట సాకు మాత్రమే. ఇప్పటి కాలుష్య ప్రమాణమైన బీఎస్-6 ప్రకారం తయారైన కారులో కన్వర్టర్‌కు ముందూ వెనకా సెన్సర్లుంటాయి. అది పనిచేయకపోతే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. ఆ లైటు వెలగకుండా సాఫ్ట్‌వేర్ మార్చే మెకానిక్‌లున్నారంటే, వాళ్లకున్న పరిజ్ఞానం రవాణా శాఖకు లేదా? స్టీరింగ్ కింది సాకెట్‌కు స్కానర్ తగిలించి, కారు కిందికి ఒక టార్చి వేసి చూడటానికి ఎంతసేపు పడుతుంది?

మోత మోగించే కుర్రాడి సైలెన్సర్ కెమెరాల ముందు నలుగుతుంది. కన్వర్టర్ కోసి అమ్ముకున్నవాడికీ, దొంగ సర్టిఫికెట్ ఇచ్చినవాడికీ ఏ కెమెరా అడ్డురాదు. ఎన్ని పొల్యూషన్ సెంటర్ల లైసెన్సు రద్దు చేశారో, ఎన్ని షెడ్లపై కేసు పెట్టారో రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలూ ముందు జనానికి చెప్పాలి. చెప్పడానికి అంకె లేకపోతే రోడ్ రోలర్ ఫొటోలు పంపడం మానుకోవాలి.