నక్షత్రం నిలిచిన ఫ్లాట్

మల్కాజిగిరిలో మేముండే అపార్ట్‌మెంట్‌లో క్రైస్తవ కుటుంబం మాదొక్కటే. అందుకని మా ఆవిడకు ఎప్పుడూ టెన్షనే. లిఫ్ట్ తలుపు సరిగ్గా వేయకపోయినా, తడి చెత్తా పొడి చెత్తా కలిపేసినా మన సాక్ష్యం, అంటే క్రైస్తవులుగా నలుగురిలో మన మంచిపేరు, పోతుందంటుంది. మెయింటెనెన్స్ ఒకటో తారీఖునే కట్టేస్తాం. వినాయక చవితి చందా కూడా అన్నదానం పద్దులో రాయించి మరీ ఇస్తాం. ఇన్నేళ్లలో పార్కింగ్ దగ్గర నేను గొంతు పెంచింది లేదు. పెంచనిస్తేగా!

పోయిన డిసెంబర్‌లో పైఅంతస్తు రెడ్డిగారి మనవరాలు వచ్చి, మా బాల్కనీలో వెలుగుతున్న కాగితపు నక్షత్రాన్ని చూసి, "ఆంటీ, ఇది నాకిస్తారా?" అని అడిగింది. అడిగినవాళ్లకు ఇవ్వమన్నాడు కదా ప్రభువు. బల్బు, వైరుతో సహా ఊడదీసి ఇచ్చేసింది మా ఆవిడ. ఆదివారం ఆరాధన అయ్యాక మోండా మార్కెట్‌లో ఇంకోటి కొందామంది. ఆ శనివారం రాత్రే మా ఇంటికి కారల్స్.

మా సంఘం యూత్ రాత్రి 11కి వస్తామన్నారంటే తెల్లవారుజామున వస్తారని అర్థం. డీసీఎం వ్యాన్‌లో ఇల్లిల్లూ తిరగాలి, ప్రతి ఇంట్లో పాట, ప్రార్థన, టీ. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకు కూడదని, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉందని, అసోసియేషన్ సెక్రటరీ హోదాలో రెడ్డిగారు నన్ను ముందే పిలిచి చెప్పారు. పైగా ఆయన అయ్యప్ప మాలలో ఉన్నారు, 41 రోజుల దీక్ష. మొన్నటిదాకా ఆయన్ను చూస్తే వణికిపోయే వాచ్‌మన్ ఇప్పుడు "స్వామీ" అని పిలుస్తున్నాడు. ఆయనా వాచ్‌మన్‌ను "స్వామీ" అంటున్నారు. అంత శాంతంగా ఉన్న మనిషిని కదిలించడం దేనికని, "మైకు లేదు, డ్రమ్ము లేదు, ఒక్క గిటారే" అని మాటిచ్చాను.

మా ఆవిడ 30 మందికి చికెన్ బిర్యానీ వండింది. పన్నెండు దాటింది, రెండు దాటింది. మా అమ్మ సోఫాలో కూర్చునే నిద్రపోయింది. నాలుగింటికి పాట వినిపించింది. మా గుమ్మం దగ్గర కాదు, నెత్తిమీద!

కింద రోడ్డు మీంచి చూస్తే బిల్డింగ్ మొత్తానికి ఒక్క బాల్కనీలోనే నక్షత్రం వెలుగుతోంది. ఇక ఫ్లాట్ నంబర్ ఎవడడుగుతాడు? ఆ మాటకొస్తే తూర్పు దేశపు జ్ఞానులు కూడా నక్షత్రాన్ని చూసి బయల్దేరి, ముందు వెళ్లి వాలింది హేరోదు ఉన్న యెరూషలేములోనే. ఈ పోలిక రెడ్డిగారి దాకా పోనివ్వలేదు లెండి.

అప్పుడే చన్నీళ్ల స్నానం చేసి విభూతి పెట్టుకున్న స్వామి, పూజకు తోటి స్వాములు వచ్చారనుకుని తలుపు తీశారట. ఎదురుగా క్రిస్మస్ తాత. ప్లాస్టిక్ మాస్కు, ఒక పక్క గమ్ము ఊడి చెవికి వేలాడుతున్న దూది గడ్డం. ఆ మాస్కు కన్నాల్లోంచి ఎదుటి మనిషి నల్ల లుంగీ ఏం కనిపిస్తుంది?

"హ్యాపీ క్రిస్మస్ అంకుల్!"

"స్వామి శరణం," అన్నారు ఈయన అలవాటుగా.

"ఆమెన్!" అన్నాడు తాత.

మేం మెట్లెక్కి పరుగెత్తేసరికి హాల్లో అందరూ చాపల మీద కూర్చుని ఉప్మా తింటున్నారు, ఉల్లిపాయ లేని ఉప్మా. పాస్టర్ అయ్యగారికి రెండోసారి వడ్డిస్తూ స్వామి చెప్తున్నారు: "మాది మెదక్ దిక్కే అయ్యగారూ. కరువుల మా ముత్తాత ఆ చర్చి కాడ రాళ్లు మోసి బువ్వ తిన్నడంట. ఇంటికొచ్చినోళ్లని ఉత్తగ ఎట్ల పంపుత?"

మెదక్ చర్చి కట్టించిన పోస్నెట్ దొర కరువు రోజుల్లో పని చూపించి జనానికి తిండి పెట్టిన సంగతి, 1924 క్రిస్మస్ నాడు ఆ చర్చి తెరిచిన సంగతి అయ్యగారు ఎత్తుకున్నారు. ఆయన మెదక్ దాకా వెళ్తే తిరిగి రావడానికి అరగంట.

ఈలోగా మా అమ్మ ఆయాసపడుతూ వచ్చి, గుసగుసలాడుతున్నాననుకుని గట్టిగానే అడిగింది: "అయ్యగారూ, అది దేవుడి ముందు పెట్టిందేమో కనుక్కున్నారా?"

"పెట్టింది ఏ ప్రశ్నా అడక్కుండా తినమని పౌలుగారే కొరింథీ సంఘానికి రాశారమ్మా," అంటూ ఆయన చట్నీ కోసం ప్లేటు చాపారు.

తర్వాత మా ఇంటికి దిగారు. ఒక్క చరణం పాడేసరికి గొంతులు పోయాయి. బిర్యానీ మూత తీస్తే ఒక్కడూ ముద్ద ముట్టలేదు. పోనీ పైకి పంపుదామా అంటే, మాల తీసేదాకా ఆ గడపలోకి చికెన్ వెళ్లదు. సగం వాచ్‌మన్ కుటుంబానికి ఇచ్చి, మిగిలింది మేం సోమవారం దాకా తిన్నాం.

ఆ ఉదయం ఆరాధనలో ట్రెజరర్ కారల్స్ కానుకల పట్టీ చదివాడు. మా పేరు, రూ. 500. ఆ వెంటనే, "అదే అపార్ట్‌మెంట్, అయ్యప్ప స్వామిగారు, రూ. 501." సంఘమంతా వెనక్కి తిరిగి మమ్మల్నే చూసింది.

మా ఆవిడ మోచేత్తో పొడిచింది. "ఏమండీ, జేబులో రెండు రూపాయల బిళ్లైనా లేకపోయిందా?"