పొట్టు మీద తీర్పు అప్పుడే వద్దు

పొట్టు తీయని ధాన్యం ఆరోగ్యానికి మంచిదా, కాదా అన్న చర్చ ఇవాళ పెద్ద ప్రమాదంలో పడింది. కొందరు పరిశోధకులు ఏమాత్రం బాధ్యత లేకుండా ఆధారాలు పట్టుకొస్తున్నారు. ఇలాగే సాగితే ఎప్పుడో ఒకప్పుడు జవాబు తేలిపోతుంది. తేలితే ఇంతమంది వక్తల గతేం కాను?

ఈ అపచారానికి ఆద్యుల్లో ఒకడు క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్ వైద్యుడు. 1890ల్లో జావాలో బెరిబెరి రోగం మీద పనిచేస్తూ, పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్ళు కాళ్ళు చచ్చుబడి కూలబడటం, పొట్టుతో ఉన్న బియ్యం వెయ్యగానే తేరుకోవడం గమనించాడు. పొట్టులోని ఆ పదార్థాన్నే తర్వాత బి1 విటమిన్ అన్నారు. 1929లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. కోళ్ళు అంత త్వరగా కోలుకోవడానికి అసలు కారణం మాత్రం ఎవరూ చెప్పరు: వాటికి వీడియోలు చూసే అలవాటు లేదు.

2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష మరీ దారుణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద 185 పరిశీలనా అధ్యయనాలనూ 58 క్లినికల్ ట్రయల్స్‌నూ కలిపి చూశారు. పీచు బాగా తినేవాళ్ళలో మరణాలు, గుండెజబ్బులు, టైప్ 2 మధుమేహం, పెద్దపేగు క్యాన్సర్ 15 నుంచి 30 శాతం దాకా తక్కువట. ముడిధాన్యాల, అంటే పొట్టు తీయనివాటి, లెక్కా దాదాపు అలాగే వచ్చింది. దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. ముడిధాన్యం తినేవాళ్ళు సిగరెట్లు తక్కువ కాలుస్తారు, ఎక్కువ నడుస్తారు. మరి మేలు ధాన్యానిదా, నడకదా? పరిశోధకులు ఆ తేడాలను లెక్కలో సర్దుతారు గానీ పూర్తిగా సర్దడం కష్టం. ఇంత న్యాయమైన ప్రశ్న కాబట్టే వ్యతిరేక శిబిరం దాని జోలికి పెద్దగా పోదు. వాళ్ళకు ఆదిమానవుడు కావాలి.

ఆదిమానవుడు ధాన్యం ముట్టలేదు, అందుకే కండలు తిరిగి ఉండేవాడు అంటారు. కండలు ఎవరు చూశారో గానీ, ఇజ్రాయెల్‌లోని గలిలీ సముద్రం ఒడ్డున తవ్వితే సుమారు 23,000 ఏళ్ళ కిందటి నూరుడు రాయి దొరికింది, దాని మీద అడవి బార్లీ పిండి ఆనవాళ్ళున్నాయి. అంటే వ్యవసాయం మొదలవడానికి పదివేల ఏళ్ళ ముందు మాట! ఒక్క రాయి ఇన్ని ఉపన్యాసాల పరువు తీసింది. దాన్ని వెంటనే తిరిగి పూడ్చిపెట్టించాలి.

ఫైటిక్ యాసిడ్ వాదన ఇంకాస్త గట్టిది. పొట్టులోని ఈ ఆమ్లం ఇనుమునూ జింకునూ పట్టేసుకుని ఒంటికి అందనివ్వదన్నది నిజమే. నానబెట్టినా, మొలకెత్తించినా, పులియబెట్టినా అది తగ్గుతుందన్నదీ నిజమే. కానీ నానబెట్టాలంటే రాత్రంతా ఆగాలి, భయపడటానికి అర నిమిషం చాలు.

నూటికి ఒకరికి సీలియాక్ జబ్బు ఉంటుంది. గోధుమ, బార్లీ, రై వాళ్ళకు నిజంగానే పడవు. వాళ్ళు వాదించరు, మానేస్తారు. చర్చకు వాళ్ళవల్ల ఉపయోగం లేదు.

సమర్థకుల సేవలను మరిచిపోతే పాపం. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం పాత పద్ధతి. వీళ్ళు ధాన్యం పేరు చెప్పి గోధుమరంగు అమ్ముతున్నారు. ప్యాకెట్ మీద ‘మల్టీగ్రెయిన్’ అని ఉంటే ఏడు రకాల గింజలు వేశారని అర్థం కావచ్చు. ఏడింటికీ పొట్టు తీసేశారా అని అడిగేవాడు సభ్యత తెలియనివాడు. అసలు పొట్టుతోనే చేసిన గోధుమ బ్రెడ్డునే తీసుకోండి. పిండి మెత్తగా ఆడిస్తే దాని గ్లైసెమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పే అంకె) సుమారు 74, తెల్ల బ్రెడ్డుది 75. ఆ ఒక్క అంకె కోసమే ప్యాకెట్ మీద పొలం, సూర్యోదయం, చిరునవ్వుల కుటుంబం.

ఒక్క హెచ్చరికతో ముగిస్తాను. తెల్ల పిండి, చక్కెర, చక్కెర నీళ్ళు తగ్గించాలన్న విషయంలో రెండు శిబిరాలకూ రహస్యంగా ఏకాభిప్రాయం ఉందని తెలిసింది. నిర్వాహకులు ఈ అంశాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వేదిక మీదికి రానివ్వకూడదు. పొరపాటున వచ్చిందా, మొదటి వక్తతోనే సభ ముగిసి అందరూ ఇంటికెళ్ళి వంట చేసుకోవాల్సి వస్తుంది.