అడవివాళ్లకు తెలియని రబ్బరు చెట్టు

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. అడవిలో బతికేవారికి ఉండేది అలవాటు. జ్ఞానమంటే కాగితం, సంతకం, వీలైతే ఒక ఓడ ఉన్నవారికే కలుగుతుంది.

రబ్బరునే తీసుకోండి. మెక్సికో వర్షారణ్యాల్లో క్రీస్తుపూర్వం 1600 ప్రాంతంలోనే కాస్టిల్లా చెట్టుకు గాట్లు పెట్టి పాలు తీశారు. రాత్రిపూట తెల్లగా పూసే ఒక తీగను దంచి, ఆ రసం కలిపి, జిగురు పాలను ఎగిరే బంతులుగా మార్చారు. అజ్‌టెక్ రాజ్యానికి ఒక్క ప్రాంతం నుంచే 16,000 రబ్బరు బంతులు కప్పంగా వచ్చినట్టు వాళ్ల చిట్టాలో ఉంది. అయినా దీన్ని ఆవిష్కరణ అనకూడదు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి రబ్బరును దారికి తెచ్చేదాకా, అంటే దాదాపు మూడున్నర వేల ఏళ్లు, ఆ బంతులు పేటెంటు లేకుండా అక్రమంగా ఎగిరాయి.

1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు అమెజాన్ నుంచి హెవియా అనే మరో రబ్బరు చెట్టు గింజలు 70,000 లండన్‌లోని క్యూ తోటకు చేర్చాడు. మొలిచినవి సుమారు 2,700. సింహళం, మలయా, మన కేరళ తోటలకు మూలం ఆ మొక్కలే. పక్కవాడి పెరట్లో గింజలు ఏరుకుపోవడానికి తెలుగులో ఒక మాట ఉంది కానీ, 1920లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది కనుక దాన్ని వాడడం మర్యాద కాదు. గింజలు ఏరి, బుట్టలు అల్లిపెట్టిన స్థానికులకు మాత్రం ఆ బిరుదులో వాటా లేదు. వాళ్లది అలవాటే కదా.

ఇక 1928లో హెన్రీ ఫోర్డ్ తన కార్లకు కావలసిన రబ్బరు కోసం బ్రెజిల్ అమెజాన్ అడవిలో, తపజోస్ నది ఒడ్డున ఏకంగా ఒక ఊరే కట్టించాడు. అడవిలో హెవియా చెట్లు దూరదూరంగా పెరుగుతాయి. పాలు తీసేవాళ్లు తెల్లవారకముందే లేచి, కాలిబాట వెంట చెట్టు నుంచి చెట్టుకు నడుస్తారు. ఇంత వృథా నడక కార్ల తయారీదారు కళ్లకు ఆనుతుందా? వరసలు కట్టి దగ్గరదగ్గరగా నాటించాడు. కొమ్మలు కలిశాక ఆకుతెగులుకు కూడా నడిచే శ్రమ తప్పింది. సుమారు 2 కోట్ల డాలర్లు పోసిన ఆ చోటు 1945లో రెండున్నర లక్షల డాలర్లకు బ్రెజిల్ ప్రభుత్వం చేతికి పోయింది. ఫోర్డ్ ఒక్కసారి కూడా అక్కడ అడుగు పెట్టలేదు. అడవివాళ్ల అలవాటు అంటుకుంటుందని భయపడ్డాడేమో.

ఆసియా తోటల్లోనూ చెట్లను అంతే ఒత్తుగా నాటారు. అవి బతికాయి, ఎందుకంటే ఆ తెగులు తెచ్చే బూజు విక్‌హామ్ గింజలతో పాటు ఓడ ఎక్కలేదు. ఆయన బిరుదులో సగమైనా, ఇల్లు కదలని ఆ బూజుకు దక్కవలసింది.