సరస్సు పక్కన టోర్నడో రాదట!

“ప్రెయిరీ లేక్ క్యాంపింగ్: ఎవరూ చెప్పని 7 రహస్యాలు” అన్న మెసేజ్ మళ్లీ వచ్చింది (ప్రెయిరీ అంటే ఉత్తర అమెరికాలోని గడ్డి మైదానం). ఈసారి మా తోడల్లుడు పంపాడు, “మెమోరియల్ డేకి పనికొస్తుంది చూడండి అన్నగారూ” అంటూ. అదే, మే చివర్లో వచ్చే అమెరికా సెలవు. అంతకుముందు గుడి గ్రూపులో, పిల్లల కూచిపూడి క్లాసు గ్రూపులో చూశాను. చదివి పంపుతున్నారో, పంపాక చదువుదామనుకుంటున్నారో తెలియదు. గుర్రాలున్న స్నేహితులతో కలిసి, ఆర్వీ, అంటే పడక, వంటగది ఉన్న చక్రాల బండి, అద్దెకి తీసుకుని, అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఉన్న కనోపొలిస్ సరస్సు దగ్గర పిల్లాపాపలతో రెండు రాత్రులు ఎలా గడపాలో అందులో రాశారు. ఊరూ పేరూ సరిగ్గానే ఉన్నాయి, తతిమ్మాదాంతోనే తంటా.

మొదటి రహస్యం: గుర్రాలవాళ్ల క్యాంప్‌గ్రౌండ్‌లో చోటు సులువుగా దొరుకుతుంది, గుర్రం లేకపోయినా ఆర్వీ అక్కడే పెట్టుకోండి. ఆ పార్కులో మామూలు ఆర్వీ సైట్లు కావలసినన్ని ఉన్నాయి. గుర్రాల దొడ్లు ఉన్న చోటు మీరు ఆక్రమిస్తే, ట్రైలర్‌లో గుర్రాన్ని ఎక్కించుకుని మైళ్ల దూరం నుంచి వచ్చినవాడు దాన్ని ఎక్కడ దించుకోవాలి? మీ ఆర్వీలోనా?

రెండోది, సరస్సు ఒడ్డున ఏదో ఒక చెట్టుకి గుర్రాన్ని కట్టేస్తే చాలట. విసుగు పుట్టిన గుర్రం బెరడంతా కొరికేస్తుంది, గిట్టలతో వేళ్ల దగ్గర గుంట తవ్వేస్తుంది. దొడ్లు కట్టింది అందుకే.

మూడోది పక్క రాష్ట్రం నుంచి గుర్రాన్ని తెచ్చుకుంటే కాగితాలేవీ అక్కర్లేదని. కావాలి. కాగిన్స్ పరీక్ష (గుర్రాలకి వచ్చే ఒక అంటు రక్తహీనత ఉందో లేదో చూసే రక్తపరీక్ష) రిపోర్టు, పశువైద్యుడి సర్టిఫికెట్. అయిపోయింది, ముందుకి పోదాం.

నాలుగోది: మిగిలిన పులిహోర, పూరీలు గుర్రానికి పెడితే పిల్లలకి సరదా. గుర్రం వాంతి చేసుకోలేదు, దాని ఒంటి తీరే అంత. పడనిది కడుపులోకి వెళ్తే బయటికి వచ్చే దారి లేక కడుపునొప్పితో నేలమీద పడి పొర్లుతుంది, చచ్చిపోయినా పోతుంది. ఎవరి గుర్రమో వాళ్లనడిగి క్యారెట్ ముక్క పెట్టండి, అదీ అరచేయి బాగా చాచి.

ఐదోదానికి కొంచెం ఆగాలి. “నీళ్లు పచ్చగా ఉంటే భయపడకండి, అది పాచి, గుర్రాలు తాగుతాయి, మనం మరిగించి వాడుకోవచ్చు” అని ఉంది. వేసవిలో ఈ సరస్సుల్లో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు మన ఊరి చెరువు పాచి లాంటిది కాదు. మరిగిస్తే నాచు చస్తుంది గానీ విషం చావదు, పైగా కణాలు పగిలి ఉన్న విషమంతా నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు తాగి కుక్కలూ పశువులూ చనిపోతాయి. 2011లో ఓక్లహోమా సెనేటర్ జిమ్ ఇన్‌హోఫ్ గ్రాండ్ లేక్‌లో ఈత కొట్టి జబ్బుపడి, దానికి ఈ నాచే కారణమన్నాడు. ఏ సరస్సుకి హెచ్చరిక ఉందో కాన్సస్ ఆరోగ్య, పర్యావరణ శాఖ వేసవి పొడవునా ప్రకటిస్తూనే ఉంటుంది. బయల్దేరే ముందు చూసుకోండి. గుర్రానికి కుళాయి నీళ్లు పట్టండి.

ఇక ఆరోది. నేను ఇదంతా రాయడానికి కారణం ఇదే. ఉన్నది ఉన్నట్టు: “నీళ్లున్న చోటికి టోర్నడో రాదు. పైగా ఆర్వీ ఐదారు టన్నుల బరువు, కదలదు. గాలి మొదలైతే అందరూ లోపలే ఉండి తలుపు వేసుకోండి. ప్రెయిరీ చదునుగా ఉంటుంది కాబట్టి గాలివాన దూరం నుంచే కనిపిస్తుంది, టెన్షన్ అక్కర్లేదు.”

కెనడాలోని ఆల్బర్టాలో పైన్ లేక్ అని ఒక ప్రెయిరీ సరస్సు ఉంది. 2000 జూలై 14, శుక్రవారం సాయంత్రం. వారాంతానికి కుటుంబాలు చేరాయి, ఒడ్డున ఆర్వీలు వరసగా ఉన్నాయి. ఎఫ్3 టోర్నడో (సున్నా నుంచి ఐదు దాకా ఉండే తీవ్రతలో మూడు) సరాసరి అక్కడి గ్రీన్ ఏకర్స్ క్యాంప్‌గ్రౌండ్ మీదికే వచ్చి, సరస్సు దాటుకుని అవతలికి పోయింది. 12 మంది పోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. నీళ్లని చూసి అదేమీ వెనక్కి తిరగలేదు. 2018 జూలైలో నార్త్ డకోటాలోని వాట్‌ఫర్డ్ సిటీలో అర్ధరాత్రి దాటాక ఒక ఆర్వీ పార్కు మీద టోర్నడో పడితే, చనిపోయింది పుట్టి వారమైన పసికందు. “తలుపు వేసుకోండి” అని రాసిన మహానుభావుడు ఏ తలుపు గురించి రాశాడో! ఆర్వీ అంటే చక్రాల మీద నిలబెట్టిన అట్టపెట్టె. దాన్ని పక్కకి దొర్లించడానికి టోర్నడో దాకా ఎందుకు, ఉరుములతో వచ్చే మామూలు ఈదురుగాలే చాలు.

దూరం నుంచి కనిపిస్తుందన్న మాట కనోపొలిస్‌కి వెళ్లినవాడు రాసి ఉండడు. అక్కడ గుర్రాలు తిరిగే హార్స్‌థీఫ్ కాన్యన్ బాటలో ఇసుకరాతి గోడల మధ్య ఉంటే పడమటి ఆకాశమే కనపడదు. రాత్రయితే అసలే కనపడదు. కాన్సస్‌లోనే ఉన్న గ్రీన్స్‌బర్గ్ ఊరు 2007 మే 4న టోర్నడోకి తుడిచిపెట్టుకుపోయింది కూడా రాత్రి తొమ్మిదిన్నర దాటాకే.

దీనికి తోకగా “దారిలో ఉంటే ఫ్లైఓవర్ కింద ఆగండి” అని మరో ముత్యం. 1999 మే 3న ఓక్లహోమాలో అలా ఆగినవాళ్లలో ముగ్గురు చచ్చిపోయారు. ఆ సందులో గాలి జోరు ఇంకా పెరుగుతుంది.

మరేం చేయాలంటే, పార్కులోకి అడుగు పెట్టగానే గాలివాన వస్తే తలదాచుకునే గట్టి భవనం ఏదని ఆఫీసులో అడగండి. రాత్రి పడుకునే ముందు పిల్లలకి చూపించండి. మీరున్నది ఎల్స్‌వర్త్ కౌంటీ (మన జిల్లా లాంటిది) అని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే రేడియో హెచ్చరికల్లో కౌంటీ పేర్లు చదువుతారు. ఫోన్ సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోకుండా బ్యాటరీతో నడిచే వెదర్ రేడియో పట్టుకెళ్లండి. హెచ్చరిక వస్తే గుర్రాన్ని ట్రైలర్ ఎక్కించే ప్రయత్నం చేయకండి, బెదిరిన గుర్రం ఎక్కదు, మీ పది నిమిషాలూ అక్కడే ఖర్చైపోతాయి. దాన్ని దొడ్లో వదిలేసి మనుషులు పరుగెత్తాలి. గుర్రాన్ని ప్రేమించేవాళ్లకి ఈ మాట మింగుడు పడదని తెలుసు. అయినా అంతే.

ఏడోది: ముదురు రంగు బట్టలు వేసుకోకండి, జోరీగలు వెంటపడతాయి. ఇదీ చాదస్తమే అనుకుంటారేమో, కాదు, నిజం. జోరీగలకి నలుపన్నా, ముదురు నీలమన్నా మహా ఇష్టం. గుర్రాలూ నీళ్లూ ఉన్న చోట వాటికి కొదవ ఉండదు, కుట్టాయంటే రక్తం చూపిస్తాయి. ఏడింట్లో పనికొచ్చేది ఇదొక్కటే. మన గ్రూపు ట్రిప్‌కి నేవీ బ్లూలో ఆర్డర్ పెట్టిన టీషర్టులు ఇంకా ప్రింటుకి వెళ్లకపోతే, దయచేసి రంగు మార్పించండి.