అయ్యో పాపం, కెప్టెన్ బాయ్‌కాట్!

అధికారాన్ని ధిక్కరించే పద్ధతుల్లో అన్నిటికన్నా దుర్మార్గమైనది పలకరించకపోవడం. రాళ్ళు రువ్వితే లాఠీ ఉంది. నినాదాలు చేస్తే వ్యాను ఉంది. కానీ అయ్యగారు ఎదురుపడితే నమస్కారం పెట్టకుండా పక్కకు చూస్తూ పోయేవాణ్ణి ఏ సెక్షన్ కింద లోపలేస్తారు? చట్టంలో ఉన్న ఈ లోటుకు బలైపోయిన పెద్దమనిషి చార్లెస్ కన్నింగ్‌హామ్ బాయ్‌కాట్. ఆయన మీద జాలిపడాల్సింది పోయి జనం ఆయన ఇంటిపేరును పట్టుకుని ధిక్కారానికి మాట చేసుకున్నారు.

ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో లార్డ్ ఎర్న్ అనే జమీందారు భూములకు ఆయన ఏజెంటు. 1880లో కౌలుదార్లు పంటలు బాగాలేవు, కౌలు నూటికి 25 తగ్గించమన్నారు. దొరగారు పెద్ద మనసు చేసుకుని 10 తగ్గిస్తానన్నారు. ఇంత దయ చూపించినా మొండికేశారు! సెప్టెంబరులో ఖాళీ చేయించే నోటీసులు పట్టుకెళ్ళిన మనిషిని ఆడవాళ్ళు బురదా పేడా కొట్టి తరిమారు.

దీనికంతటికీ మూలం ఐరిష్ కౌలుదార్ల ఉద్యమ నాయకుడు పార్నెల్. అంతకు మూడు రోజుల ముందే ఎన్నిస్ సభలో ఆయన ఒక ప్రశ్న వేశాడు. తోటి రైతును వెళ్ళగొట్టిన పొలాన్ని కౌలుకు పట్టేవాణ్ణి ఏం చేయాలి? కాల్చెయ్యాలని జనంలోంచి ఎవరో అరిచారు. అంతకన్నా క్రైస్తవ ధర్మానికి తగిన మార్గం ఉంది, దారిలో, అంగట్లో, సంతలో, చివరికి గుడిలో కూడా వాణ్ణి వెలివేయండి అన్నాడాయన. ఎంత అన్యాయం! కాల్చి ఉంటే ప్రభుత్వానికి ఎంత హాయిగా ఉండేది. శవం దొరికేది, కేసు దొరికేది, ఉరితీయడానికి ఎవడో ఒకడు దొరికేవాడు.

ఆ మందు ముందుగా కెప్టెన్ గారి మీదే పనిచేసింది. పనివాళ్ళు మానేశారు. బట్టలుతికేవాళ్ళు లేరు, కొట్టువాడు సరుకు అమ్మడు. దుంపలు పొలంలోనే ఉండిపోయాయి. అప్పుడు సర్కారు వీరత్వం చూడాలి. కావన్, మొనాహన్ కౌంటీల నుంచి బ్రిటిష్ పాలనకు విధేయులైన ప్రొటెస్టెంట్ల ఆరెంజ్ సంఘం నుంచి 50 మంది వాలంటీర్లను దింపారు. వాళ్ళు క్షేమంగా దుంపలు తవ్వుకోవడానికి వందల మంది సైనికులు కాపలా. రెండు వారాల్లో దాదాపు 500 పౌన్ల పంట ఇంటికి చేరింది. దానికైన ఖర్చు 10,000 పౌన్లని ఓ అంచనా. ఒక్కో టర్నిప్‌కు షిల్లింగు పడిందని పార్నెల్ ఎకసెక్కం. పరువుకు రేటు కట్టే మనిషి అలాగే మాట్లాడతాడు!

కెప్టెన్ మాత్రం డిసెంబరు 1న దేశం వదిలిపోయాడు. ఈలోగా ఊరి ఫాదర్ ఓమాలీ, పల్లెజనానికి నోరు తిరిగే మాట కావాలని ఆయన ఇంటిపేరునే వాడుకలో పెట్టేశాడు. అది ఫ్రెంచి, జర్మన్, రష్యన్, జపనీస్ దాకా పాకింది. 1887లో బ్రిటిష్ పార్లమెంటు దాన్ని అణచడానికి చట్టం కూడా చేసింది. మాట మాత్రం చావలేదు.

వెలి మనకూ తెలుసు గానీ, మన పెద్దలు దాన్ని ఎంతో క్రమశిక్షణతో పైనుంచి కిందికే వాడారు. దళితవాడకు కూలి లేదు, కిరాణా లేదు, బావి లేదు అని ఊరు కట్టుబాటు చేసుకునేది. అది సంప్రదాయం. కిందివాళ్ళే పైవాళ్ళకు పని మానేస్తే అరాచకం. 2015లో అట్రాసిటీ చట్టాన్ని సవరించి పైవాళ్ళ వెలినే నేరాల్లో చేర్చారు. ఊరి పెద్దల మనసెంత కష్టపడిందో ఎవరికి పట్టింది?

మళ్ళీ కెప్టెన్ గారి దగ్గరికి వస్తే, ఆయన ఇంటిపేరు మొదట్లో బాయ్‌క్యాట్. 1841లో కుటుంబం ఒక్క అక్షరం మార్చుకుంది. పేరు మోగిపోవాలని స్పెల్లింగులు మార్చుకునే మన న్యూమరాలజీ భక్తులు దీన్ని జాగ్రత్తగా గమనించాలి. ఎందుకంటే 1881లో అమెరికా వెళ్ళేటప్పుడు ఆయన ఆ పేరు బయటపెట్టకుండా, ఉత్త కన్నింగ్‌హామ్‌గా ఓడెక్కాడు. అయినా పత్రికలవాళ్ళు పసిగట్టేశారు.