పుష్కర జనాన్ని పర్యాటక లాభంలో కలపొద్దు

రాజమహేంద్రవరంలో అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టుకు 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. ఖర్చు 94.44 కోట్ల రూపాయలు. 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెన, పుష్కర ఘాట్, కడియం నర్సరీలు ఇందులో ఉన్నాయి. డబ్బు కేంద్రం ఇచ్చే 50 ఏళ్ల వడ్డీలేని రుణం. వడ్డీ లేదు కదా అని ఊరికే వచ్చినట్టు కాదు, అసలు తీర్చాల్సిందే. పాత వంతెన మీద నడుస్తూ గోదారి చూడాలని మాకూ ఉంది. అయినా లెక్క అడుగుతున్నాం.

2027లో పుష్కరాలు. వంతెనకు లైట్లు పెట్టినా పెట్టకపోయినా జనం వస్తారు. తర్వాత ఆ జనాన్నంతా పర్యాటకుల ఖాతాలో వేసి, వాళ్లు పెట్టిన ఖర్చును ప్రాజెక్టు తెచ్చిన ఆదాయంగా చూపిస్తారేమోనన్నదే మా అనుమానం. అది పెళ్లివారింటి చదివింపుల్ని షామియానా వాడు తన రాబడిలో రాసుకున్నట్టుంటుంది. ఊళ్లోవాళ్లు సినిమా మానుకుని బోటెక్కితే అదీ కొత్త ఆదాయం కాదు, ఈ జేబులోది ఆ జేబులోకి మారిందంతే.

ఘాట్ల సంగతి వేరు. 2015 జూలై 14న పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటకు 27 మంది బలయ్యారు. మెట్లు వెడల్పు చేయడానికి, రాకపోకల దారులు విడదీయడానికి పెట్టే డబ్బు ఒక్క రూపాయి తిరిగి తేకపోయినా ఫర్వాలేదు. దాన్ని పర్యాటకం పద్దులో కలిపేస్తే రెండు లెక్కలూ చెడతాయి.

వచ్చిన డబ్బు ఎక్కడ ఆగుతుందన్నది ఇంకో ప్రశ్న. ఆత్రేయపురంలో పూతరేకుల పెట్టె కొంటే అందులో చాలా భాగం రేకు తీసే ఆడవాళ్ల చేతికి, నెయ్యి, బెల్లం అమ్మినవాళ్లకు చేరుతుంది. బయటి కంపెనీ నడిపే రిసార్టులో గది అద్దె అలా కాదు. ఇక్కడివాళ్లకు మిగిలేది తోటమాలి జీతం, వాచ్‌మన్ జీతం. రెండు చోట్లా ఖర్చయింది వెయ్యి రూపాయలే అయినా డెల్టాకు ఒకటే కాదు.

అలాగని టికెట్ వసూళ్లనే లాభమనుకోవడం కూడా తప్పే. నరసాపురం నుంచి ఒక కుటుంబం పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి రేవు దాటి, ఆటోలో అంతర్వేది వెళ్లి, సముద్రం చూసి వస్తుంది. ఆ సముద్రానికి టికెట్ లేదు. కానీ పంటు చార్జీ, ఆటో చార్జీ, ఆ రోజు పోయిన కూలి కలిపితే, ఆ సాయంత్రానికి వాళ్లు కట్టిన విలువ కనీసం అంత. అమెరికాలో జాతీయ పార్కులకు విలువ ఎలా కట్టాలన్న ప్రశ్నకు 1947లో హెరాల్డ్ హోటెలింగ్ అనే ఆర్థికవేత్త చెప్పిన ఉపాయం దాదాపు ఇదే: ఎంత దూరం నుంచి, ఎంత ఖర్చు పెట్టుకుని వస్తున్నారో చూడండి. ఏటిగట్టు మీద సాయంత్రం నడిచే పెద్దాయన ఆరోగ్యం కూడా లాభమే. మన ప్రాజెక్టు నివేదికల్లో ఆయనకు చోటుండదు.

ఇక గోదారి కూడా తన వాటా అడుగుతుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. వరదల నెలల్లో బోట్లు కట్టేసుకోవాలి, వేసవిలో ఎండకు ఎవరూ రారు. కాబట్టి నది మధ్య లంకల్లో ఏం కట్టినా రాబడిని పన్నెండు నెలలకు కాక నాలుగైదు నెలలకే వేసుకోవాలి, ఒండ్రు తీయించే ఖర్చు మాత్రం ఏటా రాసుకోవాలి. శంకుస్థాపన సభల్లో ఈ మెయింటెనెన్స్ మాట మేమెప్పుడూ వినలేదు.

1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కోసం కాటన్ దొర కంపెనీ సర్కారుకు శిస్తు లెక్కలు చూపించాల్సి వచ్చింది. మనం అడుగుతున్నది అంతకన్నా తేలిక. ఏ పనికి ఎంత, అది లేకపోయినా వచ్చేవాళ్లు ఎందరు, ఏటా నిర్వహణ ఎవరు భరిస్తారు అన్నవి పనులు సాగుతుండగానే తెలుగులో జనం ముందు పెట్టాలి. మూడేళ్ల తర్వాత మళ్లీ లెక్కించి, పాత అంకెల పక్కనే కొత్తవి అచ్చు వేయాలి. దీనికి కన్సల్టెన్సీలు, టెండర్లు అక్కర్లేదు. ఇక్కడి డిగ్రీ కాలేజీల ఎకనామిక్స్ విద్యార్థుల్ని రేవుల దగ్గర నిలబెట్టి మూడు ప్రశ్నలు అడిగిస్తే చాలు. ఎక్కడి నుంచి వచ్చారండీ? ఎంత ఖర్చయింది? ఇది లేకపోతే ఈవేళ ఎక్కడికి వెళ్లేవారు?